నీటి బూజుల వంశం

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం నీటి బూజులు. కరీంనగర్ జిల్లా చొప్పదండి చుట్టుపక్కల ఏ చెరువులోనైనా, కుంటలోనైనా, కాలువలోనైనా ఇవి ఉంటాయి. నీళ్లలో పడి చచ్చిన ఈగ చుట్టూ రెండు మూడు రోజుల్లో అల్లుకునే తెల్లటి నూగు, చేపగుడ్ల మీద పట్టే పూత, ముసురు పట్టినప్పుడు నారుమడిలో మొక్క మొదలు మెత్తబడి ఒరిగిపోవడం, పసుపు దుంప కుళ్లడం, కొర్రమీను ఒంటి మీద ఎర్రటి పుండు పడడం, వీటన్నింటి వెనుకా ఒకే వంశానికి చెందిన జీవులున్నాయి. శాస్త్రంలో వాటిని ఊమైసీట్లు అంటారు. నూట అరవై ఏళ్లకు పైగా వీటిని శిలీంధ్రాల్లోనే లెక్కవేశారు. ఇవి శిలీంధ్రాలు కావు. గోధుమ వర్ణపు సముద్ర శైవలాలకు, డయాటమ్‌లకు ఇవి దగ్గరి చుట్టాలు. నిజమైన శిలీంధ్రాలేమో వంశం రీత్యా జంతువుల వైపు జీవులు. ఈ తేడా తెలుసుకోవడం పుస్తకంలో ఒక పేరు మార్చుకోవడంతో ముగిసే పని కాదు. రైతు ఏ మందు కొనాలో, మత్స్యకారుడు చెరువుకు ఏం చేయాలో, కంటి వైద్యుడు ఏ చుక్కలు వేయాలో తేల్చేది ఈ తేడాయే. అందుకు ఆధారాలు ఏమిటో, ఎదురయ్యే అభ్యంతరాలకు జవాబేమిటో ఈ రోజు మీ ముందుంచుతాను.

ముందు వీటి బతుకు చూద్దాం. నీటి బూజులను చూడడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నువ్వు గింజలను ఉడకబెట్టి, రెండుగా చీల్చి, చెరువు నీళ్లు పోసిన గాజు పళ్లెంలో వేస్తే చాలు. మూడు నాలుగు రోజుల్లో గింజ చుట్టూ సన్నని తెల్లటి తంతువులు కిరణాల మాదిరి లేస్తాయి. నువ్వులకు బదులు చచ్చిన ఈగలు, పాము కుబుసం, తల వెంట్రుకలు కూడా ఎరగా వాడతారు. ఏ ఎర వేస్తే దానికి తగ్గ జీవి వచ్చి పడుతుంది. 1947లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి హెచ్. చౌధురి, ఆయన సహచరులు భారతదేశపు నీటి బూజుల మీద తొలి చేతిపుస్తకం తెచ్చారు. ఉస్మానియా వృక్షశాస్త్ర శాఖలో సి. మనోహరాచారి వంటివారు హైదరాబాద్ నీళ్లలోని బూజుల మీద పనిచేశారు. వాళ్లందరి మూల సాధనం ఈ ఎర పద్ధతే. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత స్పష్టంగా, ఒక జీవి పూర్తి జీవితచక్రాన్ని విద్యార్థి కళ్లముందు పెట్టగల పాఠం జీవశాస్త్రంలో మరొకటి అరుదు.

ఆ తంతువును సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల అడ్డుగోడలు దాదాపు కనిపించవు. ఒకే పొడవాటి గొట్టం, అందులో లెక్కలేనన్ని కేంద్రకాలు. తిండి తగ్గగానే తంతువు కొస కొంచెం లావెక్కి, అడుగున ఒక గోడ కట్టుకుని, సిద్ధబీజాశయంగా మారుతుంది. లోపలి జీవపదార్థం ముక్కలై ఒక్కొక్క ముక్కా ఈదగలిగే బీజం, అంటే గమన సిద్ధబీజం అవుతుంది. అవి బయటికి వచ్చే తీరు ప్రజాతికొక రకం. సాప్రోలెగ్నియాలో కొస చిల్లి పడగానే బీజాలు ఈదుకుంటూ పోతాయి, కొద్దిసేపటికి ఆగి గుండ్రంగా పెంకు కట్టుకుంటాయి, మళ్లీ ఆ పెంకు వదిలి వేరే ఆకారంలో రెండోసారి ఈదుతాయి. ఆక్లియాలో బయటికొచ్చిన బీజాలు ఆశయం నోటి దగ్గరే ఒక బోలు బంతిగా గుమిగూడి పెంకు కట్టుకుంటాయి. డిక్టియూకస్‌లో బీజాలు ఆశయం లోపలే పెంకు కట్టుకుని, ఒక్కొక్కటీ తన చిల్లి తాను చేసుకుని వెళ్లిపోతాయి, వెనక జల్లెడ వంటి గూడు మిగులుతుంది. అఫనోమైసిస్‌లో ఆశయం తంతువంత సన్నం, బీజాలు ఒకే వరుసలో దిగి మూతి దగ్గర గుంపు కడతాయి. పైథియంలో మాత్రం జీవపదార్థం మొత్తం ముందు పలుచటి బుడగలోకి ఒలికి, ఆ బుడగలోనే బీజాలుగా విడిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో నీస్, ప్రింగ్‌షైమ్, డి బారీ వంటి జర్మన్ శాస్త్రవేత్తలు ఈ తేడాలనే గుర్తులుగా పెట్టుకుని ప్రజాతులను నిలబెట్టారు. ఆ ప్రజాతుల్లో చాలావరకు జన్యు పరీక్ష వచ్చాక కూడా నిలిచాయంటే వాళ్ల చూపు ఎంత నిశితమో తెలుస్తుంది.

వంశం ఆనవాలు ఆ ఈదే బీజంలోనే ఉంది. దానికి రెండు కశాభాలు. వెనక్కి తిరిగింది నున్నగా ఉంటుంది. ముందుకు చాచిన దానికి ఇరువైపులా సన్నని గొట్టపు రోమాలుంటాయి. నున్నని కశాభం అల మొదలు నుంచి కొసకు పోతే నీటిని కొసవైపు నెడుతుంది, అప్పుడు కణం దానికి ఎదురు దిక్కుకు కదలాలి. రోమాలున్న కశాభంలో అల అదే దిక్కుకు పోయినా రోమాలు నీటి ప్రవాహాన్ని తిప్పికొడతాయి, అందువల్ల కణం ముందుకు లాగబడుతుంది. పడవను వెనుక నుంచి తెడ్డుతో నెట్టడానికీ, ముందు నుంచి తాడుతో లాగడానికీ ఉన్నంత తేడా ఇది. ఇటువంటి యంత్రం ఒకటికి రెండుసార్లు వేర్వేరుగా పుట్టిందని నమ్మడం కష్టం. గోధుమ శైవలాల బీజాల్లో, బంగారు శైవలాల్లో, వాచీరియా అనే శైవలంలో, డయాటమ్‌ల పురుష కణాల్లో సరిగ్గా ఇదే రోమాల కశాభం ఉంది. నిజమైన శిలీంధ్రాల్లో ఈదే బీజాలున్నవి కైట్రిడ్లు. వాటిలో అత్యధికం ఒకే ఒక నున్నని కశాభంతో, దాన్ని వెనుక ఉంచుకుని ఈదుతాయి. మన కుంటల్లో పాము కుబుసం మీద సాప్రోలెగ్నియా పక్కనే కైట్రిడ్ కూడా దొరకవచ్చు. రెండూ నీటివాసులే, రెండూ ఈదేవే, కానీ వాటి వంశాలు వేరు. కాబట్టి నీటిలో ఈదడం అనే ఒక్క లక్షణం మీద వర్గం కట్టకూడదు.

మిగిలిన సాక్ష్యాలు రసాయనానివి. శిలీంధ్రాల కణకవచానికి కైటిన్ ఆధారం. నీటి బూజుల కవచం ప్రధానంగా గ్లూకాన్లు, సెల్యులోజ్. శిలీంధ్ర తంతువుల కేంద్రకాలు చాలావరకు ఏకస్థితికాలు. నీటి బూజుల తంతువు ద్వయస్థితికం, క్షయకరణ విభజన జరిగేది లైంగికాంగాల్లో మాత్రమే. లైసిన్ అనే ఎమైనో ఆమ్లాన్ని శిలీంధ్రాలు ఒక దారిలో తయారు చేసుకుంటే, ఇవి మొక్కలు నడిచే వేరే దారిలో చేసుకుంటాయి. మైటోకాండ్రియా లోపలి మడతలు శిలీంధ్రాల్లో పలకలు, వీటిలో గొట్టాలు. శిలీంధ్రాల పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. పైథియం, ఫైటోఫ్తోరా అనే ఊమైసీట్ ప్రజాతులకు స్టెరాల్ తయారు చేసుకునే శక్తే లేదు. సాప్రోలెగ్నియా, ఆక్లియాల్లో దొరికేది ఫ్యూకోస్టెరాల్, అది గోధుమ శైవలాల స్టెరాల్. 1930ల చివర్లో అమెరికాలో జాన్ రేపర్ ఆక్లియా ఆడ తంతువు నీటిలోకి ఏదో పదార్థాన్ని వదిలి మగ తంతువులో కొమ్మలు పుట్టిస్తుందని చూపించాడు. 1967లో మెక్‌మోరిస్, బార్క్స్‌డేల్ ఆ పదార్థాన్ని శుద్ధి చేశారు. దాని పేరు యాంథెరిడియాల్. అది ఒక స్టెరాయిడ్ హార్మోను, దాన్ని ఆక్లియా తయారు చేసేది ఫ్యూకోస్టెరాల్ నుంచే. ఆడ, మగ తంతువుల మధ్య నడిచే ఆ సందేశం కూడా సముద్ర శైవలాల వైపే వేలు చూపుతోంది. ఇవి చాలావరకు ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్ష్యాలు. అన్నీ ఒకే మాట చెప్పడమే వాటి బలం.

చివరి ముద్ర 1987లో పడింది. గండర్సన్, సోజిన్ బృందం ఆక్లియా రైబోసోమ్ ఆర్ఎన్ఏ వరుసను, ఓక్రోమొనాస్ అనే బంగారు శైవలం వరుసతో పోల్చి రెండూ ఒకే శాఖవని తేల్చింది. ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. ఫైకోమైసిటీస్ అన్నారు, మాస్టిగోమైకోటినా అన్నారు, 1981లో కావలియర్-స్మిత్ క్రోమిస్టా అనే రాజ్యం కట్టాడు, 1989లో ప్యాటర్సన్ స్ట్రామెనోపైల్స్ అన్నాడు. పదేళ్లకోసారి పేరు మారే శాస్త్రాన్ని ఏమని నమ్మాలి? పేర్లు మారిన మాట నిజం. కానీ దిశ మారలేదు. 1858లోనే ప్రింగ్‌షైమ్ సాప్రోలెగ్నియా లైంగికాంగాలను వాచీరియా శైవలంతో పోల్చి చూశాడు. కశాభాల పరిశీలన, కవచ రసాయనం, లైసిన్ దారి, చివరికి ఆర్ఎన్ఏ వరుస, ఒక్కొక్క కొత్త సాధనం వచ్చినప్పుడల్లా నీటి బూజు శిలీంధ్రాల నుంచి మరో అడుగు దూరం జరిగింది, శైవలాల వైపు మరో అడుగు దగ్గరైంది. వెనక్కి నడిపిన ఆధారం ఒక్కటీ లేదు. పై రాజ్యానికి ఏ పేరు పెట్టాలన్నది ఇంకా వాదులాడుకోదగ్గ విషయమే. ఈ జీవులు ఎవరి చుట్టాలన్నది మాత్రం ఇక వాదానికి తావులేని విషయం.

ఇంకో అభ్యంతరం మరింత బరువైనది. తంతువులుగా పెరుగుతాయి, ఎంజైములు వదిలి తిండిని బయటే జీర్ణం చేసి పీల్చుకుంటాయి, బీజాలు విడుస్తాయి, మొక్కలను కుళ్లబెడతాయి. పని అంతా శిలీంధ్రానిదే అయినప్పుడు వంశం ఏదైతేనేం? పైగా సాప్రోలెగ్నియా, ఆక్లియా కవచంలో కొద్దిపాటి కైటిన్ ఉన్న మాట కూడా నిజమే. నేను దీన్ని తోసిపుచ్చను. పోలిక నిజం. దానికి కారణాలూ ఉన్నాయి. ఒకే రకం బతుకు వేర్వేరు వంశాలను ఒకే ఆకారానికి తెస్తుంది. అంతేకాదు, మొక్కలను పీడించే ఊమైసీట్లు పదుల సంఖ్యలో జన్యువులను నిజమైన శిలీంధ్రాల నుంచే అందుకున్నాయని ఈ శతాబ్దపు జన్యు పరిశోధన చూపింది. మొక్క కణకవచాన్ని కరిగించే ఎంజైముల జన్యువులు అందులో ఉన్నాయి. కాబట్టి పోలికలో కొంత అరువు సొత్తు. కానీ మందు పనిచేసేది ఆకారం మీద కాదు. మందు ఒక నిర్దిష్టమైన ప్రోటీనును, ఒక నిర్దిష్టమైన స్టెరాల్‌ను పట్టుకుంటుంది. అది ఉన్న వంశంలో మందు చంపుతుంది, లేని వంశంలో నీళ్లతో సమానం. ఇక్కడి నుంచి నా వాదన చేలోకి దిగుతుంది.

తెలుగు నేలకు ఈ జీవులతో ఉన్న సంబంధం కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లకు మొవ్వకుళ్లు సోకి చెట్లు గుంపులుగా చనిపోతుంటే, పూసా పరిశోధనశాల శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ. జె. బట్లర్ వచ్చి పరిశీలించాడు. కారకాన్ని 1907లో పైథియం పామివోరం అని వర్ణించాడు, 1919లో తానే దాన్ని ఫైటోఫ్తోరా ప్రజాతికి మార్చాడు. నేడు కొబ్బరి, కోకో తోటలను ప్రపంచమంతటా పీడిస్తున్న ఫైటోఫ్తోరా పామివోరా మన గోదావరి తాటిచెట్టు మీద గుర్తింపు పొందిన జీవి. నీటి బూజు నీటిలోనే ఉండాలన్న నియమం లేదని కూడా ఆ తాటి మొవ్వ చెప్పింది. ఆకు తొడిమల మధ్య నిలిచిన వాననీరు దానికి చాలు.

ఉత్తర తెలంగాణకు వద్దాం. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలకు పసుపు పెద్ద పంట. ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే ఆకు అంచుల నుంచి ఎండడం, కాండం మొదలు నీరు పట్టి మెత్తబడడం, దుంప కుళ్లి వాసన వేయడం రైతులకు తెలిసిన క్రమమే. ముఖ్య కారకాలు పైథియం జాతులు. వాటి బీజాలకు ఈదడానికి మట్టి రేణువుల మధ్య నీటి పొర ఉంటే చాలు. అదే తంతువు మందపాటి పెంకు గల ఊస్పోర్లను కూడా కట్టి ఎండాకాలం దాటుతుంది. ఇక మందుల సంగతి. కార్బెండజిమ్, అంటే బావిస్టిన్, శిలీంధ్రాల ట్యూబ్యులిన్‌ను పట్టుకుని కేంద్రక విభజనను ఆపుతుంది. పైథియం ట్యూబ్యులిన్‌ను అది పట్టుకోలేదు. మెటలాక్సిల్, 1977లో వచ్చిన మందు, ఊమైసీట్ల ఆర్ఎన్ఏ తయారీని ఆపుతుంది, నిజమైన శిలీంధ్రాలకు దానితో పనిలేదు. డైమిథోమార్ఫ్ వర్గపు మందులు సెల్యులోజ్ తయారీని దెబ్బతీస్తాయి. సెల్యులోజ్ కవచం లేని శిలీంధ్రానికి వాటి వల్ల భయం లేదు. కుళ్లిన దుంప మీద కార్బెండజిమ్ ఒక్కటే పోస్తే పైథియానికి ఏమీ కాదు, రైతు డబ్బు మాత్రం మట్టిలో పోతుంది. కూరగాయ రైతులు ఈ తేడాను ఎప్పటినుంచో చేతల్లో చూస్తున్నారు. గంధకం బూడిద తెగులును ఆపుతుంది, బూజు తెగులును ఆపదు. బూడిద తెగులు నిజమైన శిలీంధ్రం, బూజు తెగులు ఊమైసీటు.

పసుపు కుళ్లులో ఫ్యుజేరియం అనే నిజమైన శిలీంధ్రం కూడా దొరుకుతుంది కదా, దుంప ఈగ పురుగు కూడా ఉంటుంది కదా అని వ్యవసాయ అధికారులు అడగవచ్చు. దొరుకుతుంది, ఉంటుంది. అదే నా వాదనకు మరింత బలం. ఒకే కుళ్లులో రెండు వేర్వేరు వంశాలు ఉండగలిగినప్పుడు, పైకి కనిపించే లక్షణం చూసి మందు రాయడం గుడ్డి పని. దుంప ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అడ్డుగోడలు లేని తంతువా, అడ్డుగోడలున్న తంతువా చూడాలి. ఎక్కువ నీళ్లు నిలవకుండా కాలువలు తీయడం, ఆరోగ్యమైన విత్తన కొమ్ము ఎంచుకోవడం అన్నిటికంటే ముందు. మెటలాక్సిల్‌కు నిరోధం రాదా అంటే, వస్తుంది. మందు మార్కెట్లోకి వచ్చిన మూడేళ్లకే, 1980లో ఐర్లాండ్ బంగాళాదుంప మచ్చ తెగులులో వచ్చింది. అందుకే దాన్ని మాంకోజెబ్ వంటి మరో మందుతో కలిపి అమ్ముతారు. కానీ నిరోధం వచ్చిన మందుకూ, మొదటి రోజు నుంచే పనిచేయని మందుకూ తేడా ఉంది. మొదటిదాన్ని జాగ్రత్తగా వాడి కాపాడుకోవచ్చు. రెండోదానికి ఏ జాగ్రత్తా ఉపయోగపడదు.

కారకం వంశాన్ని పోల్చుకోలేని తప్పు చెరువులో ఇంకా పెద్ద మూల్యం అడిగింది. 1971లో జపాన్‌లో చేపల ఒంటి మీద లోతైన పుండ్ల వ్యాధి కనిపించింది, మరుసటి ఏడు ఆస్ట్రేలియాలో. ఆగ్నేయాసియా అంతా తిరిగి 1988లో బంగ్లాదేశ్‌కు, అదే ఏడు మన ఈశాన్య రాష్ట్రాలకు చేరింది. మూడు నాలుగేళ్లలో దక్షిణాది నీళ్లలోనూ పడింది. కొర్రమీను, పరిగెలు వంటివి విపరీతంగా చచ్చాయి. బంగారు తీగ, తిలాపియా తట్టుకున్నాయి. కారణం ఏమిటన్న వాదం ఏళ్ల తరబడి నడిచింది. కొందరు పుండులో వైరస్ చూశారు, చాలామంది ఏరోమోనాస్ బ్యాక్టీరియా చూశారు. రెండూ ఉన్నమాట నిజం. పుండు పడిన చోట బ్యాక్టీరియా చేరకుండా ఉండదు. కానీ ప్రతి పుండు లోతులో, కండరంలోకి చొచ్చుకుపోయిన అడ్డుగోడలు లేని తంతువు ఒకటుంది. ఆ తంతువును ఆరోగ్యమైన కొర్రమీను చర్మం కింద పెడితే అదే పుండు పుట్టింది. దాని పేరు అఫనోమైసిస్ ఇన్వాడాన్స్. నేడు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని ఆ పేరుతోనే జాబితాలో ఉంచింది. నీటి ఉష్ణోగ్రత తగ్గే కాలంలో, భారీ వానల తర్వాత, ఆమ్లత్వం పెరిగిన నీళ్లలో ఇది విజృంభిస్తుంది. చేప ఒంటి మీద చిన్న గాటు దొరికితే లోపలికి దిగుతుంది. సున్నం వేసి నీటి క్షారత్వం నిలబెట్టడం నివారణలో మొదటి పని. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ తయారు చేసిన సిఫాక్స్ అనే మందు ఈ వ్యాధి కోసమే వచ్చింది.

మన ప్రాంతానికి ఇది గతించిన కథ కాదు. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది కొర్రమీనునే, ఈ వ్యాధికి అన్నిటికంటే ముందు లొంగేదీ అదే. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు, 2016 నుంచి ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకారుల సంఘాల చెరువుల్లో ప్రభుత్వం చేపపిల్లలు వదులుతూ వచ్చింది. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు రామడుగు మండలం లక్ష్మీపూర్‌లోని పంపుల మీదుగా మధ్యమానేరుకు చేరే ఏర్పాటు 2019లో మొదలైంది. చేపపిల్ల లారీల్లో ఊరు దాటుతోంది, నీరు కాలువల్లో పరీవాహకం దాటుతోంది. ఈ అభివృద్ధిని నేను మనసారా కోరుకుంటాను. కానీ ఈదే బీజానికి కూడా ఇవే దారులు. చేపపిల్లలను వదిలే ముందు పరీక్షించే చోట బ్యాక్టీరియాతో పాటు ఈ తంతువు కోసం కూడా వెతకాలి. పొదుగు కేంద్రాల్లో గుడ్ల మీద సాప్రోలెగ్నియా పడితే ఒకప్పుడు మాలకైట్ గ్రీన్ వాడేవారు. అది విషమని తేలి, తినే చేపల్లో నిషేధమైంది. దాన్ని మళ్లీ దొంగచాటుగా వాడడం తినేవాళ్లకు చేసే ద్రోహం.

అన్నిటికంటే బాధాకరమైన సాక్ష్యం మనిషి కంటిది. పైథియం ఇన్సిడియోసమ్ అనే జాతికి ఆ పేరు పెట్టింది 1987లో. కుంట నీళ్లో, బురదో కంట్లో పడిన మనిషి నల్లగుడ్డు మీద ఇది పుండు చేస్తుంది. పుండు తునకను మామూలు పద్ధతిలో చూస్తే శిలీంధ్రంలాగే కనిపిస్తుంది. అందుకని నాటామైసిన్ చుక్కలు వేస్తారు. నాటామైసిన్ పట్టుకునేది ఎర్గోస్టెరాల్‌ను. పైథియంలో అది లేదు. మందు పడుతూనే ఉంటుంది, కన్ను కరిగిపోతూనే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు గత పదిహేనేళ్లలో ఈ పొరపాటును బయటపెట్టి, డీఎన్ఏ వరుసతోనూ, ఆకు తునకను నీళ్లలో వేసి ఈదే బీజాలు పుడుతున్నాయేమో చూసే పాత వృక్షశాస్త్ర పద్ధతితోనూ దీన్ని గుర్తించారు. లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి బ్యాక్టీరియా మందులతో చికిత్స చేసి ఎందరికో చూపు నిలిపారు. వంశం ఏదైతేనేం అన్న ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి జవాబు ఇదే.

ఇంత జరిగాక కూడా మన పదకొండో తరగతి విద్యార్థికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఆవాల ఆకు మీద పడే అల్బుగోను రొట్టె మీద పడే రైజోపస్ పక్కనే, శిలీంధ్రాల రాజ్యంలో, ఫైకోమైసిటీస్ తరగతిలో చూపించింది. అదే పాఠం నేర్చుకున్న పిల్లవాడే రేపు మందుల దుకాణం పెడతాడు, వ్యవసాయ అధికారి అవుతాడు, కంటి వైద్యుడవుతాడు. ఈ పాఠాన్ని మార్చాలి. మార్చేదాకా చొప్పదండి నవోదయ విద్యాలయంలోనూ, మన ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఉపాధ్యాయులు ఈ వానకాలమే ఊరి చెరువు నీళ్లలో నువ్వు గింజలు వేసి పిల్లలకు ఆ ఈదే బీజాలను చూపించాలని కోరుతున్నాను. రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు ఒక మనవి. చేలో పసుపు మొదలు మెత్తబడితే, మందు కొనకముందే ఒక మొక్కను దుంపతో సహా పెకిలించి జగిత్యాల పొలాస పరిశోధన స్థానానికి తీసుకెళ్లి చూపించండి. అది పైథియమా, ఫ్యుజేరియమా అని అడగండి.